సగంలో ఆగే షట్టర్

మా ఉస్తాద్ ఏ దుకాణానికి షట్టర్ బిగించినా చివర్లో ఒక పరీక్ష పెట్టేవాడు. చేతుల గ్రీజు పాత లుంగీ గుడ్డకు తుడుచుకుని, షట్టర్‌ను ఛాతీ ఎత్తు దాకా లేపి, అక్కడే వదిలేసి రెండడుగులు వెనక్కి జరిగేవాడు. తీరిగ్గా బీడీ వెలిగించేవాడు. ఆ బీడీ అయిపోయేదాకా షట్టర్ కిందికి జారకూడదు, పైకి లేవకూడదు. జారితే స్ప్రింగు వదులు, లేస్తే బిర్రు. ఏదైనా సరే, మళ్ళీ నిచ్చెన ఎక్కాల్సింది నేనే. ఆ బీడీ తొందరగా అయిపోవాలని మొక్కుకున్నన్ని మొక్కులు నేను పదో తరగతి పరీక్షలప్పుడు కూడా మొక్కుకోలేదు.

పరీక్షల మాట వచ్చింది కాబట్టి అదీ చెప్పేస్తాను. 1990లో లెక్కల్లో తప్పాను. నల్లగొండ జిల్లాలో మాకున్నది రెండెకరాల చెలక. మా మేనమామ ముషీరాబాద్‌లో షట్టర్లు తయారుచేసే వర్క్‌షాపులో వెల్డింగు పని చేసేవాడు. పండక్కి ఊరొచ్చి, "ఊకె తిరుగుడెందుకు, నా ఎంట రా" అన్నాడు. గౌలిగూడ బస్టాండులో దిగాం. ఇమ్లీబన్ బస్టాండు అప్పటికింకా రాలేదు. గౌలిగూడది ఇనుప రేకుల పెద్ద షెడ్డు, పీపాను నిలువునా రెండుగా కోసి ఒక ముక్క బోర్లించినట్టు ఉండేది. అంత రేకు ఒక్కచోట చూడటం నాకు అదే మొదలు. నోరు తెరుచుకుని పైకి చూస్తుంటే మామ నెత్తిమీద ఒకటిచ్చి, "నడు, రేపట్నుంచి జన్మంతా గదే సూస్తవు" అన్నాడు. ఆ షెడ్డు 2018లో కూలిపోయింది. మామ మాట మాత్రం ముప్పై ఏళ్ళకు పైగా నిజమవుతూనే ఉంది.

లెక్కల్లో తప్పినవాడికి దొరికిన పని మొత్తం లెక్కలే. మొదటి వారం నాకు నేర్పింది టేపు చదవడం. అంగుళాన్ని ఎనిమిది భాగాలు చేస్తే ఒక భాగాన్ని మా ఊళ్ళో వడ్రంగం చేసే వడ్ల తాత 'నూలు' అనేవాడు. ఉస్తాద్ 'సూత్' అన్నాడు. రెండు మాటలకీ అర్థం దారమే. దుకాణం ముఖం కొలిచేటప్పుడు ఆ దారం మందమే మా బతుకు. ఏడడుగుల నాలుగంగుళాల మూడు సూత్ అని ఉస్తాద్ నిచ్చెన మీంచి అరిస్తే నేను కింద సుద్దముక్కతో రాసుకోవాలి. ఒక సూత్ ఎక్కువ రాస్తే షట్టర్ రేకు పట్టీలు పక్కలనుండే గైడు గాడిలో ఇరుక్కుంటాయి. రెండు సూత్‌లు తక్కువ రాస్తే గాలి వీచినప్పుడల్లా షట్టర్ గలగలమంటుంది, రాత్రి కాపలా గూర్ఖా ఉలిక్కిపడి లేస్తాడు.

షట్టర్ అనగానే అందరికీ రేకు గుర్తొస్తుంది. మా పనిలో రేకు చివరి సంగతి, ముందు స్ప్రింగు. పదడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల ఎత్తు షట్టర్ 18 గేజ్ రేకుతో చేస్తే వంద కిలోల చుట్టూ తూగుతుంది. గేజ్ నంబరు తగ్గేకొద్దీ రేకు మందం పెరుగుతుంది, కొత్తవాళ్ళంతా దీన్ని తిరగేసి అర్థం చేసుకుంటారు, నేనూ అంతే. మరి ఆ వంద కిలోలను పొద్దున్నే టీ కూడా తాగని గుమాస్తా ఒంటిచేత్తో ఎలా లేపుతున్నాడు? పైన పైపు మీద చుట్టుకుని ఉన్న స్ప్రింగులు ఆ బరువు మోస్తున్నాయి. షట్టర్ దించినప్పుడు బిగుసుకుని, లేపినప్పుడు ఆ బిగువు తిరిగి ఇచ్చేస్తాయి. ఆ బిగువు ఎక్కించేది మనిషి. పైపుకు పానా వేసి ఒకడు చుట్టు తిప్పుతాడు, రెండోవాడు తన పానాతో ఆపి పట్టుకుంటాడు, మొదటివాడు పట్టు మార్చుకుని మళ్ళీ తిప్పుతాడు. చుట్టు చుట్టుకూ బరువెక్కుతుంది. నాలుగో చుట్టు దాటాక నిచ్చెన మీద మాటలుండవు.

1993 ఎండాకాలం, నారాయణగూడలో ఒక మందుల దుకాణం. రెండోవాడిని నేను. చేతికి చెమట. పట్టుకున్న పానా జారింది. ఏం జరిగిందో కంటికి కనబడలేదు, చెవికి వినబడింది. పానా గిర్రున తిరిగి నా ఎడమ చేతిని గోడకేసి కొట్టింది. ఉస్తాద్ ఒక్క ఉదుటున నా నడుం పట్టుకోకపోతే నిచ్చెన మీంచి కిందపడేవాణ్ణి. మందుల దుకాణం కాబట్టి దూదీ కట్టూ అక్కడే దొరికాయి. దుకాణదారు వాటికి డబ్బులు పట్టుకుని మిగతా కూలి ఇచ్చాడు, ఆ సంగతి నాకిప్పటికీ నవ్వొస్తుంది. చిటికెన వేలు సగమే ముడుచుకుంటుంది ఇప్పుడు. కట్టు విప్పిన రోజే ఉస్తాద్ పానా నా చేతికిచ్చి నిచ్చెన చూపించాడు. తిట్టలేదు, ధైర్యం చెప్పలేదు. నా అరచేతిలో ఇంత ముగ్గుపిండి మాత్రం పోశాడు, చెమట పీల్చడానికి.

పాతబస్తీ పనులంటే ఉస్తాద్‌కి ప్రాణం. నాకు తలనొప్పి. పత్తర్‌గట్టి చూసినవాళ్ళకు తెలుసు, రోడ్డు పొడుగునా రాతి కమాన్లు ఒకదాని పక్కన ఒకటి అచ్చు గుద్దినట్టు ఉంటాయి. 1908 మూసీ వరద తర్వాత ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు నిజాం కాలంలో కట్టించిన వరుస అది. దూరం నుంచి అన్నీ ఒకటే. టేపు పెడితే ఏ రెండూ ఒకటి కావు. మేం పని చేసిన ఒక దుకాణంలో పైన కొలతకు, కింద కొలతకు అయిదు సూత్‌ల తేడా వచ్చింది. కట్టినప్పటి తేడానో, ఇన్నేళ్ళలో సున్నం మీద సున్నం వేసిన తేడానో! రాయికి మేకు కొట్టనివ్వడు దుకాణదారు. "పత్థర్ కో హాత్ నక్కో లగావ్ మియా" అని మొదటి మాటే అది. రాయికి చెయ్యి పెట్టొద్దు. దాంతో కమాను వెనక, లోపలి ఇటుక గోడకు బ్రాకెట్లు వేసేవాళ్ళం. అందుకే ఇప్పటికీ అక్కడ చాలా షట్టర్లు కమాను నీడలో, కాస్త లోపలికి ఉంటాయి. చూసేవాళ్ళకు అది అందం. మాకు వంగి వంగి నడుం పోయిన కోణం.

లాడ్ బజార్ ఇంకో రకం. దుకాణం వెడల్పు ఆరడుగులుంటే గొప్ప. లోపలి నేల రోడ్డు కన్నా చాలా ఎత్తు, దాని మీద తెల్లటి పరుపు, పరుపు అంచున యజమాని. ఆయన ముందు గాజులు, ఆయన వెనక గాజులు, నెత్తిమీద గాజులు, అన్నిటి మధ్యా బల్బులు. షట్టర్ బిగించాలని దుకాణం ఒక పూట మూసే ఆలోచన ఎవరికీ రాదు. పైన మేం బ్రాకెట్ తగిలిస్తుంటే, కింద మా నిచ్చెన కాళ్ళ మధ్యలోంచే బేరాలు నడిచేవి. సుత్తి దెబ్బ వేస్తే చాలు, అరల్లో గాజులు గల్లుమనేవి. ఒక డబ్బా కింద పడిందంటే మా రోజు కూలి పోయినట్టే. ఉస్తాద్ సుత్తికి గుడ్డ చుట్టి, గుండె కొట్టుకున్నంత మెల్లగా కొట్టేవాడు. ఒకసారి గాజులు తొడిగించుకుంటున్న ఒక పెద్దావిడ తల పైకెత్తి చూసి, "బాబూ, మెల్లగా కొడితే మేకు దిగుద్దా?" అంది. మాటను బట్టి గుంటూరు వైపు మనిషి. "దిగదమ్మా, దిగినట్టు నటిస్తున్నాం" అన్నాను. పని చేస్తూ నేను కస్టమర్‌తో వేసిన మొదటి జోకు అది. ఉస్తాద్‌కి తెలుగు జోకులు అర్థం కావు కాబట్టి బతికిపోయాను.

ఆ బజార్లలో పనికి ఒక గడువు ఉండేది. షబే బరాత్ లోపల అన్నీ అయిపోవాలి. ఆ తర్వాత రెండు వారాల్లో రంజాన్ నెల మొదలవుతుంది, ఇక తెల్లవార్లూ వ్యాపారం, షట్టర్ దించేదే ఉండదు, మేం ముట్టుకునేది ఎప్పుడు? గడువు మాకే కానీ వాళ్ళకు లేదు. డబ్బులడిగితే 'పర్‌సోం' అనేవాళ్ళు. పర్‌సోం అంటే మొన్న, లేదంటే ఎల్లుండి. హైదరాబాద్‌లో మాత్రం జరిగిపోయిన ఏ రోజైనా, జరగబోయే ఏ రోజైనా పర్‌సోమే. నేను మొదట్లో నిజంగానే ఎల్లుండి వెళ్ళేవాణ్ణి. ఎవరూ ఎగ్గొట్టలేదు, అదీ చెప్పాలి. పండగ మర్నాడు పిలిచి, డబ్బులతో పాటు షీర్‌ఖుర్మా గిన్నె కూడా చేతిలో పెట్టేవాళ్ళు.

నేను వచ్చిన ఏడాదే డిసెంబర్‌లో మత గొడవలు జరిగాయి. పాతబస్తీలో కర్ఫ్యూ. ముషీరాబాద్‌లో మేం వర్క్‌షాపు లోపల గొళ్ళెం పెట్టుకుని నాలుగు రోజులు అన్నం, ఆవకాయ తిని గడిపాం. మామ, ఉస్తాద్, నేను. ఉస్తాద్ ఆవకాయకు అలవాటు పడింది అప్పుడే. కర్ఫ్యూ ఎత్తేశాక ఆర్డర్లు ఊపిరాడకుండా వచ్చాయి. ఇటువాళ్ళూ వచ్చారు, అటువాళ్ళూ వచ్చారు. ఒకే బెంచీ మీద కూర్చుని ఒకటే అడిగారు, 20 గేజ్ కాకుండా 18 ఉందా, ఇంకా మందం ఉందా, కింద రెండు తాళాలు కాకుండా నడిమిట్లో ఇంకోటి పెట్టొచ్చా. రేకు మందంలో మనుషుల భయం ఎంతుందో కొలవొచ్చని నాకు ఆ బెంచీ దగ్గర తెలిసింది. మాకు గిరాకీ బాగుంది. ఆ గిరాకీతో మామ సైకిల్ కొన్నాడు. ఆ సైకిల్ ఎక్కినప్పుడల్లా నాకేదోలా ఉండేది.

బేగంబజార్‌లో 1994లో ఒక సేఠ్‌కి పని చేశాం. స్టీలు సామాన్ల హోల్‌సేల్. అప్పటిదాకా ఆ దుకాణానికి చెక్క పలకలే తలుపు. ఒక్కో పలక జానెడున్నర వెడల్పు, ఒక్కో దాని మీద నాగరి అంకెల్లో నంబరు. పొద్దున ఒకటి నుంచి పదకొండు దాకా గాడిలోంచి తీసి పక్కన పేర్చాలి, రాత్రి అదే వరుసలో మళ్ళీ పెట్టాలి. అయిదు ముందు ఆరు పెట్టారంటే పదకొండు పట్టదు. సేఠ్ కొడుకు పట్టుపట్టి షట్టర్ వేయిస్తున్నాడు, సేఠ్‌కి మనసు లేదు. మేం పలకలు ఊడదీస్తుంటే పక్కనే నిలబడి ఒక్కోదాన్ని చేత్తో తడిమాడు. పారేయనివ్వలేదు. గోడౌన్‌లో అరలు కొట్టించుకున్నాడు, నంబర్లు బయటికి కనబడేటట్టు. పరీక్ష వేళ ఉస్తాద్ బీడీ తీస్తే, "ఇక్కడ వద్దు" అన్నాడు. జైనులు. బీడీ లేకుండా ఎంతసేపు నిలబడాలో ఉస్తాద్‌కి తెలియలేదు. చివరికి సేఠ్ రోజూ వాకిట్లో పావురాలకు వేసే జొన్నలు ఆరోజూ వేశాడు, అవి తినడం అయ్యేదాకా చూశాం. షట్టర్ కదల్లేదు.

ఇక కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీ వైపు పనులు మొదలయ్యేసరికి నేను సొంతంగా చిన్న షెడ్డు పెట్టుకున్నాను. అది మొత్తం ఇళ్ళ కాలనీ. ఒక్కొక్కరే ముందు గదిని దుకాణం చేశారు, కిటికీ తీసి షట్టర్ పెట్టించారు. కోస్తా జిల్లాల నుంచి వచ్చినవాళ్ళు ఎక్కువ, అక్కడ 'నూలు' అంటే వెంటనే అర్థమయ్యేది. అర్థం కానిది వాస్తు. తూర్పు ముఖం దుకాణానికి రెండు షట్టర్లుంటే ఈశాన్యం వైపుదే ముందు లేపాలి, ఆగ్నేయం వైపుది మూసి ఉంచినా ఫర్వాలేదు. అంతవరకు నాకు పేచీ లేదు. ఒకాయన మాత్రం షట్టర్ చుట్టుకునే పైపు నైరుతి వైపు అర అంగుళం ఎత్తు ఉండాలన్నాడు. పైపు వాలుగా ఉంటే పట్టీలు ఒక పక్కకు నడుస్తాయి సార్ అని ఎంత చెప్పినా వినలేదు. సరే అని, పైపు లెవెల్‌గానే పెట్టి, దాన్ని కప్పే పైన రేకు డబ్బాను అర అంగుళం ఎత్తు పెట్టాను. ఆయన దూరంగా వెళ్ళి చూసి, తృప్తిగా తలూపాడు. వ్యాపారం బాగానే నడిచింది. పైపు వల్లనో, డబ్బా వల్లనో చెప్పలేను.

అద్దం మా బతుకుల్లోకి వచ్చింది సైబర్ టవర్స్ తర్వాత. 1998 నవంబర్‌లో అది మొదలైంది. మాదాపూర్ అప్పటికి బండరాళ్ళు. అంత పెద్ద అద్దాల గోడ చూసి వచ్చిన ప్రతి దుకాణదారుకీ తన దుకాణం చిన్నబోయినట్టు అనిపించింది కాబోలు. అమీర్‌పేట, పంజాగుట్ట, హిమాయత్‌నగర్, దిల్‌సుఖ్‌నగర్, ఎక్కడికెళ్ళినా ఒకటే మాట, ముందంతా గ్లాసు కావాలి. అంతకు ముందు నన్ను "ఎంత గట్టిది?" అని అడిగినవాళ్ళే ఇప్పుడు "ఎంత కనబడుతుంది?" అని అడగసాగారు. దొంగ భయం పోలేదు, దాన్ని మించిన భయం వచ్చింది. ఎవరూ చూడరేమో, పక్క దుకాణంలోకి పోతారేమో అని.

మాకు తెలిసిన అద్దం షోకేసు అద్దం. చెక్క ఫ్రేములో నాలుగైదు మిల్లీమీటర్లది, ఎక్కువైతే డైమండ్ కట్టర్‌తో గీసి టక్కున విరిచేయడమే. ఈ కొత్తది టఫెండ్. అద్దాన్ని ముందే కొలతకు కోసి, రంధ్రాలు వేసి, ఆ తర్వాత ఆరువందల డిగ్రీలు దాటించి కాల్చి, గాలితో ఒక్కసారిగా చల్లారుస్తారు. అలా చేశాక అది సుత్తి దెబ్బకు కూడా ఓర్చుకుంటుంది. కానీ దాన్ని మళ్ళీ కోయలేం, ఒక్క రంధ్రం వేయలేం. నడుమ ఎంత గట్టిదో అంచుల్లో అంత సున్నితం. ఇదంతా నాకు తెలుసు, నోటితో పదిమందికి చెప్పాను కూడా. తెలియడం వేరు, తగలడం వేరు.

2003, అమీర్‌పేట, మైత్రీవనం దగ్గర ఒక రెడీమేడ్ బట్టల దుకాణం. కొత్త వ్యాపారం, అన్నదమ్ములిద్దరూ ఊళ్ళో పొలం అమ్మి పెట్టారు. ముందు భాగానికి 12 మిల్లీమీటర్ల టఫెండ్, మూడు పలకలు, నడుమ తలుపు. మర్నాడు పొద్దున 9 గంటల 40 నిమిషాలకు ముహూర్తం. అద్దాలు సాయంత్రం అయిదింటికి వచ్చాయి. ఎనిమిదడుగులు, నాలుగడుగుల పలక ఒక్కోటి దాదాపు తొంభై కిలోలు. నలుగురం పట్టుకుని మొదటిది నిలబెట్టాం, దిగిపోయింది. రెండోదీ దిగింది. మూడోది కుడివైపు. పై ఛానల్‌లోకి ఎక్కించి కింద దించబోతే దిగదు. టేపు పెట్టి చూశాను. కుడివైపు నేల రెండు సూత్‌లు ఎత్తు. గ్రానైట్ పరిచినవాడు బయటికి నీళ్ళు పోయేలా వాటం ఇచ్చాడు, అది తప్పు కాదు. తప్పు నాది. ఎడమ వైపు ఒక్కచోటే ఎత్తు కొలిచి మూడు పలకలకూ అదే రాశాను. లెక్కల్లో తప్పినవాణ్ణి, మళ్ళీ తప్పాను.

దించేయండిరా, గ్రానైట్ గీకిద్దాం అన్నాను. కింద కొస పట్టుకున్న కుర్రాడు కొత్తవాడు. "కొంచెం తోస్తే పోతదన్నా" అంటూ మోకాలితో ఒత్తాడు. అద్దం కొస గ్రానైట్‌కు తగిలింది. చప్పుడు పగిలినట్టు లేదు, పేలినట్టుంది. మా నలుగురి చేతుల్లో అద్దం లేదు. కాళ్ళ చుట్టూ మోకాలి దాకా పటికబెల్లం పలుకుల్లాంటి కుప్ప, చిటపటమంటూ ఇంకా పగులుతూనే ఉంది. ఎవరికీ పెద్దగా గాయాలు కాలేదు, టఫెండ్‌కున్న మంచి గుణం అదొక్కటే, కత్తుల్లా పగలదు. ఆ కుర్రాడు ఏడుపు మొదలుపెట్టాడు. అన్నదమ్ముల్లో పెద్దాయన ఒక్క మాట మాట్లాడకుండా మెట్ల మీద కూర్చుండిపోయాడు. ఆ మౌనం కన్నా రెండు తిట్టినా బాగుండేది.

లోపల దేవుడి పటం సర్దుతున్న వాళ్ళమ్మ చీపురు పట్టుకుని బయటికి వచ్చింది. కుప్పను ఒకసారి చూసి, "పోయిన దిష్టి పోయింది. రేపు గుమ్మడికాయ కొట్టే పని తప్పింది. లేవండి" అంది. పేలాలు ఊడ్చినట్టు ఊడ్చేసింది. ఆ రాత్రి మూడో పలక జాగాలో ప్లైవుడ్ నిలబెట్టి, దాని మీద 'శుభారంభం' ఫ్లెక్సీ లాగి కట్టాం. ముహూర్తానికి వచ్చినవాళ్ళెవరికీ వెనక అద్దం లేదని తెలియలేదు. కొత్త పలకకు నా రెండు నెలల మిగులు పోయింది. అప్పట్నుంచి ఎడమ, నడుమ, కుడి, మూడు చోట్ల కొలుస్తాను, తక్కువ వచ్చిందే రాస్తాను. ఆ కుర్రాడు ఇప్పుడు మియాపూర్‌లో సొంతంగా పనులు పట్టుకుంటున్నాడు. ఈ కథ వాడు తన పిల్లలకు చెప్పేటప్పుడు ఒత్తింది నేనంటాడట.

ఒకటి గమనించాను. ముందంతా గ్లాసు కావాలన్నవాళ్ళు కొటేషన్ అంతా మాట్లాడుకుని, టీ తాగి, నన్ను సాగనంపుతూ గుమ్మం దగ్గర గొంతు తగ్గించి అడిగేవాళ్ళు. "దీని ముందు షట్టర్ కూడా పడుతుందా?" అని. అద్దం పగలంతా ఊరికి చూపించడానికి, షట్టర్ రాత్రి యజమాని నిద్ర పోవడానికి. జూబ్లీహిల్స్ రోడ్ నంబర్ 36 వైపు కూడా ఇదే కథ. అక్కడ ఆర్కిటెక్టులు సూత్‌లు ఒప్పుకోరు, మిల్లీమీటర్లు చెప్పాలి. నన్ను వెండర్ అంటారు. "షట్టర్ ఉండాలి, కానీ ఉన్నట్టు కనబడొద్దు" అంటారు. ఫాల్స్ సీలింగ్ లోపల దాచి, రిమోట్ మోటారు పెట్టి, రాత్రి పదకొండు తర్వాత పని చేసి తెల్లారేలోపు ఊడ్చి వెళ్ళిపోవాలి. డబ్బులు బాగా వచ్చాయి. చెప్పుకోవడానికి మాత్రం పెద్దగా ఏమీ లేదు, అక్కడ యజమానిని ఒక్కసారి కూడా చూడలేదు.

తెలంగాణ ఉద్యమం రోజుల్లో, 2009 చివర్నుంచి రెండేళ్ళ పాటు, బంద్ లేని వారం ఉందా అన్నట్టుండేది. అప్పుడు నగరమంతా సగం షట్టర్ మీద బతికింది. సగం దించి, లోపల లైటు ఆర్పి, ఒక కుర్రాణ్ణి సందు మొదట్లో కాపలా పెట్టి వ్యాపారం చేసేవాళ్ళు. ర్యాలీ వస్తోందంటే టక్కున దింపాలి. నాకు ఫోన్లు, "అన్నా, గ్రీజు కొట్టిపో, చప్పుడు రావొద్దు." దుకాణదారు కొడుకు ర్యాలీలో జై తెలంగాణ అంటుంటాడు, తండ్రి లోపల సగం షట్టర్ కింద చక్కెర తూకం వేస్తుంటాడు. రెండూ నిజమే, రెండూ ఒకే ఇంట్లో. ఆ రెండేళ్ళలో నేను కొత్త షట్టర్ల కన్నా గ్రీజు మీదే ఎక్కువ సంపాదించాను.

మెట్రో పని సుల్తాన్ బజార్ దాకా వచ్చినప్పుడు మాత్రం విప్పే పని వచ్చింది. ఇరుకు బజారు, స్తంభాలకు, స్టేషన్‌కు జాగా కావాలి. వ్యాపారులు ఏళ్ళ తరబడి వద్దని కొట్లాడారు, చివరికి కొన్ని దుకాణాలు పోవాల్సి వచ్చింది. ఒక చీరల దుకాణం షట్టర్ విప్పడానికి నన్నే పిలిచారు, బిగించింది మేమే కాబట్టి. 1992లోది. పైన రేకు డబ్బా దించి తిరగేస్తే, లోపలి వైపు నల్ల పెయింటుతో ఉర్దూ అంకెలు. ఉస్తాద్ రాత. కొలత అక్కడే రాసుకునే అలవాటు ఆయనకు, కాగితాలు పోతాయని. ఆ అంకెలు చదవడం ఆయనే నేర్పాడు. ఏడడుగుల నాలుగంగుళాల మూడు సూత్. అప్పటికి ఆయన పోయి ఆరేళ్ళయింది. టేపు తీసి దర్వాజకు పెట్టాను. మూడు చోట్లా. ఏడు, నాలుగు, మూడు.

కింద పాత ఇనుము బండివాడు తూకం సర్దుకుంటూ, "ఇది కూడా వెయ్యాల్నా?" అన్నాడు. వెయ్యమన్నాను. ఇంట్లో ఎక్కడ పెడతాం ఏడడుగుల రేకు!

2020 మార్చిలో అన్నీ మూతపడ్డాయి. మే మూడో వారంలో ఒక దుకాణం వదిలి ఒక దుకాణం తెరుచుకోవచ్చన్నారు. ఆ రోజు పొద్దున ఆరింటి నుంచి నా ఫోను ఆగలేదు. రెండు నెలలు లేపని షట్టర్లు ఎక్కడివక్కడ పట్టేశాయి. మూతికి మాస్కు, స్కూటర్ మీద గ్రీజు డబ్బా, కిరోసిన్ సీసా, పానాలు వేసుకుని ఊరంతా తిరిగాను. అబిడ్స్‌లో రెండు, కోఠీలో మూడు, మధ్యాహ్నానికి బేగంబజార్. స్టీలు సామాన్ల సేఠ్ కొడుకు పిలిచాడు. కొడుకు అంటున్నాను కానీ జుట్టు మొత్తం తెల్లబడింది. పెద్ద సేఠ్ లోపల కుర్చీలో ఉన్నాడు, వెనక సందులోంచి వచ్చి కూర్చున్నాడట. తొంభై దగ్గర పడ్డ మనిషి, బయటికి రావొద్దంటే వినలేదు.

షట్టర్ రెండున్నర అడుగులు లేచి ఆగింది. స్ప్రింగు పట్టేసిందనుకుని నిచ్చెన వేసి, పై డబ్బా మూత జరిపి టార్చి వేశాను. పైపుకు, గోడకు మధ్య పుల్లలు. పుల్లల మధ్య రెండు పావురం పిల్లలు, ఇంకా ఈకలు సరిగ్గా రాలేదు, పసుప్పచ్చ నూగుతో, పెద్ద ముక్కులతో. ఇంకో చుట్టు తిరిగితే పట్టీలు వాటి మీదికి వస్తాయి. దిగి చెప్పాను. కొడుకు వాచీ చూసుకున్నాడు, రెండు నెలల తర్వాత మొదటి రోజు వ్యాపారం మరి. పెద్ద సేఠ్ కుర్చీలోంచే, "కిత్‌నా ఉఠా?" అన్నాడు. రెండున్నర అడుగులన్నాను. "బస్ హై" అన్నాడు.

నెల రోజులు ఆ దుకాణానికి వచ్చినవాళ్ళంతా దాదాపు పాకుతూ లోపలికి వెళ్ళారు. స్టీలు బిందెలు, డేగిసాలు అదే సందులోంచి దొర్లించారు. ఎవరైనా విసుక్కుంటే కొడుకు పైకి చెయ్యి చూపించేవాడట.

జూన్ చివర్లో ఫోన్ వచ్చింది, ఎగిరిపోయాయని. వెళ్ళి పుల్లలు తీసి, పైపు తుడిచి, గ్రీజు పెట్టాను. షట్టర్‌ను ఛాతీ ఎత్తు దాకా లేపి, వదిలేసి, రెండడుగులు వెనక్కి జరిగాను. బీడీ అలవాటు నాకు లేదు. సేఠ్ టీ తెప్పించాడు. మాస్కు గడ్డం కిందికి లాక్కుని, టీ తాగుతూ చూశాను.

నాలుగు సూత్‌లు జారింది. గ్లాసు పక్కన పెట్టి నిచ్చెన ఎక్కాను.